బొగ్గుపెళ్ళ

మొదటి షిఫ్టు సైరన్ కూయకముందే సోమమ్మ పెరట్లో జనం చేరేవారు. ఇల్లందులో బొగ్గుబాయి కార్మికుల క్వార్టర్ల వరుసలో చివరి ఇల్లు ఆమెది. ఒకరు సత్తుగిన్నెలో గోధుమపిండి ముద్ద, ఇంకొకరు టిఫిన్ డబ్బాలో జొన్నపిండి, మరొకరు మైదాలో గుడ్డు కొట్టి కలిపింది పట్టుకొచ్చి, జామచెట్టు పక్కనున్న గుంత ముందు వరుసగా నిలబడేవారు. సోమమ్మ కొంగు నడుముకు చెక్కుకుని, గుంత మీది ఇనుపరేకు కట్టెతో పక్కకు నెట్టి, గిన్నెలు లోపల సర్ది మళ్ళీ మూసేది.

"పోయి చాయ్ తాగి రాండ్రి. గీడ నిలబడి చూస్తే జల్దీ కాలదు" అనేది.

వాళ్ళు చాయ్ తాగి వచ్చేసరికి కాలి ఉండేది. పెట్టిన పిండి ఒకటైతే వచ్చేది ఇంకొకటి. దాని గురించి ఎవరూ ఏమీ అనుకునేవారు కాదు.

సోమమ్మ పెనిమిటి బిక్షపతి పచ్చకామెర్లతో చనిపోయిన ఏడాది, చలికాలంలో ఆ చోటు బయటపడింది. జామచెట్టు కింద నేల ఎప్పుడూ గోరువెచ్చగా ఉండేది. వాడకట్టు కుక్కలన్నీ అక్కడే పడుకునేవి. బిక్షపతి తల్లి బతుకమ్మ వాటిని అదిలించి, తన మోకాళ్ళనొప్పులకు ఆ జాగాను తనే ఆక్రమించుకుంది. ఒకరోజు ఆమె చపాతీపిండి గిన్నెను అక్కడున్న గుంతలో పెట్టి, పైన రేకు ముక్క కప్పి, పక్కింటామెతో మాటల్లో పడి మరిచిపోయింది. తీసి చూస్తే గిన్నెలో ఎర్రగా కాలిన రస్కు ఉంది.

బాయిలో షిఫ్టు పని చూసే ఓవర్‌మన్ వచ్చి నేల మీద అరచెయ్యి పెట్టి చూశాడు. "కింద ఎక్కడో పాత బొగ్గు రాజుకుంటున్నట్టుందవ్వా. గీ దిక్కు ఇది మామూలే" అన్నాడు. వేడికి కారణం దొరికింది. రస్కుకు దొరకలేదు. దాని సంగతి ఎవరూ ఆయన్ని అడగలేదు కూడా.

బాయిలో బొగ్గు టబ్బులు నెట్టే గురవయ్య, తన తండ్రి పోయినప్పటి నుంచి, ఇంట్లో నోరు తెరిస్తే తిట్టే. అతని భార్య గోధుమపిండి పట్టుకొస్తే గుంత క్రీమ్ బన్ను ఇచ్చింది. గురవయ్య దాన్ని కొరికితే క్రీము మీసాలకు, ముక్కుకు అంటింది. భార్య నవ్వింది. అతను అద్దంలో చూసుకుని తనూ నవ్వాడు. నవ్వి నవ్వి చివరికి తండ్రిని తలుచుకుని ఏడ్చాడు. ఆ తర్వాత ఆ ఇంట్లో గిన్నెలు విసిరిన చప్పుడు వినపడలేదు.

తండా నుంచి వచ్చే ధన్‌సింగ్ పుట్టిన దగ్గర్నుంచి తొందర మనిషి. బస్సు ఆగకముందే దిగేవాడు. అతనికి నాన్‌ఖటాయి వచ్చింది. పట్టుకుంటే పొడిపొడి అయిపోయే రకం. దోసిలి పట్టి, నిదానంగా, ఊపిరి బిగబట్టి తినాలి. పొద్దు వాలేవరకూ తిన్నాడంటారు. బడి హెడ్మాస్టరుకు ఎప్పుడు చూసినా గట్టి బిస్కెట్టే. ఆయన దాన్ని నమిలినంతసేపు మాట్లాడలేకపోయేవాడు, బడి ఆ కాసేపు ప్రశాంతంగా ఉండేది. కొత్తగా పెళ్ళై మూడోనాటి నుంచే మాటలు మానేసిన జంటకు పెద్ద దిల్‌పసంద్ వచ్చింది. గుండ్రంగా, లోపల కొబ్బరి, టూటీఫ్రూటీ నింపి ఉంది. సగం నీకు, సగం నాకు అని పంచుకోక తప్పలేదు.

"ఎవలకేది కావాల్నో భూతల్లికి ఎరుక" అనేవారు జనం. అంతకుమించి చర్చ లేదు.

బతుకమ్మకు మాత్రం మొదటిరోజు నుంచీ రస్కే. ఆమెకు నోట్లో ఒక్క పన్ను లేదు.

"నీ తల్లి కడుపు మాడ, నాకు పండ్లు లేవని తెల్వదా నీకు?" అని నేల మీద కర్రతో కొట్టేది. మర్నాడు మళ్ళీ ఆశగా పిండి పెట్టేది. మళ్ళీ రస్కు వచ్చేది. దాన్ని చాయ్‌లో నానబెట్టుకుని తిట్టుకుంటూ తినేది.

ఇక సోమమ్మ. ఊరందరి గిన్నెలూ గుంతలో పెట్టి తీసేది ఆమే. కానీ తన గిన్నె పెడితే ఎట్లా పెట్టింది అట్లాగే వచ్చేది. మైదా, బెల్లం, గుడ్లు, కాస్త డాల్డా, ఏది కలిపినా సరే, పచ్చిపిండి పచ్చిపిండిగానే ఉండేది. గిన్నె వేడెక్కేది కాదు. పక్కనే పెట్టిన వేరేవాళ్ళ గిన్నె బుసబుస పొంగేది.

మొదట్లో సోడా తక్కువైందేమో అనుకుంది. తర్వాత గిన్నె మార్చింది. తర్వాత జాగా మార్చింది. ఆ తర్వాత నవ్వడం నేర్చుకుంది. "నాకేం తక్కువని ఇస్తది? బాయి క్యాంటీన్‌ల నౌకరి ఉన్నది, ఇల్లున్నది, తిట్టనీకి అత్త ఉన్నది" అనేది. కానీ క్యాంటీన్ నుంచి వచ్చాక, పెరట్లో ఎవరూ లేని మధ్యాహ్నం, చిన్న గిన్నెలో పిండి కలిపి గుంతలో పెట్టి, మోకాళ్ళ మీద గడ్డం ఆనించుకుని కూర్చునేది. బతుకమ్మ కిటికీలోంచి చూసి ఏమీ ఎరగనట్టు పక్కకు తిరిగి పడుకునేది.

*

బస్టాండు దగ్గర బేకరీ నడిపే రాందాసు ఒక గురువారం, తన బేకరీకి సెలవు రోజున, ఆ పెరట్లోకి వచ్చాడు. నలభై ఏళ్ళ మనిషి. ఇస్త్రీ చొక్కా, కత్తిరించిన మీసం, గోళ్ళలో మైదా తెలుపు. సికింద్రాబాదులో ఒక ఉస్తాదు దగ్గర పని నేర్చుకుని, వరంగల్, డోర్నకల్, కొత్తగూడెం తిరిగి తిరిగి ఇల్లందుకు చేరాడు. అమ్మానాన్నలు చిన్నప్పుడే పోయారు. రొట్టెలు కాల్చే భట్టి ముందు నిలబడి నిలబడి పెండ్లి సంగతి యాది మరిచాడని ఊళ్ళో అనేవారు.

అతని కేకులు పొంగేవి. అదే అతని గొప్ప. నొక్కితే దూదిలా అణిగి మళ్ళీ లేచేవి. పొంగని కేకును అతను అమ్మేవాడు కాదు, ఎవరికీ ఇచ్చేవాడూ కాదు, గేదెలకు వేసేవాడు. దవాఖానా నర్సమ్మ ఒకామె అతని ముఖం మీదే, "ఏమనుకోకన్నా, సోమమ్మ గుంతల వచ్చిన ప్లం కేకు ముందల నీది దిగదుడుపే" అనేసరికి నిద్ర పట్టక, డబ్బాలో పిండి కలుపుకుని వచ్చాడు.

"ఇది బటర్ స్పాంజి" అన్నాడు వరుసలో ఉన్న అందరికీ వినపడేలా. "గుడ్డు ఒకటే దిక్కు గిలకొట్టిన. మైదా మూడుసార్లు జల్లించిన. ఇది పొంగకుంటే లోకంల ఏదీ పొంగదు."

సోమమ్మ డబ్బా తీసుకుని లోపల పెట్టింది. అతను చాయ్‌కి పోలేదు. చేతులు కట్టుకుని అక్కడే నిలబడ్డాడు.

రేకు తీస్తే డబ్బా అడుగున నల్లగా, పలకలా, నిండా రెండు వేళ్ళ మందం లేని గడ్డ ఒకటి ఉంది. బోర్లిస్తే బండ మీద ఖంగుమంది.

గురవయ్య దాన్ని చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూశాడు. "అరె, ఇది మన బాయిలదే! బొగ్గుపెళ్ళ!"

పెరడంతా నవ్వు. రాందాసు నవ్వలేదు. ఆ పెళ్ళను కాగితంలో చుట్టి, చొక్కా జేబులో పెట్టుకుని పోయాడు.

మరుసటి గురువారం మళ్ళీ వచ్చాడు. ఈసారి బేకింగ్ పౌడరు ఎక్కువ వేశాడు. మళ్ళీ పెళ్ళే. ఆపై గురువారం విజయవాడ నుంచి తెప్పించిన కోకో పొడి కలిపాడు. ఇంకా నల్లని పెళ్ళ వచ్చింది. ఊళ్ళో అందరికీ ఏదో ఒకటి తినేది వస్తుంటే, నిఖార్సైన బేకరీ మనిషికి మాత్రం పొయ్యిలో వేసేది వస్తోంది. "రాందాసన్నకు చలికాలం బొగ్గు కొనే పని లేదు" అని ధన్‌సింగ్ చాటింపు వేశాడు.

గురువారాలు గడిచేకొద్దీ రాందాసు వచ్చే వేళ ముందుకు, పోయే వేళ వెనక్కు జరిగాయి. గిన్నె కాలేలోపు బతుకమ్మ నులకమంచం పట్టె మీద కూర్చుని ముచ్చట్లు చెప్పేవాడు. ముసలమ్మ తినేవాటి పుట్టుపూర్వోత్తరాలంటే చెవి కోసుకునేది. నాన్‌ఖటాయి సూరత్ దిక్కున పుట్టిందని మా ఉస్తాదు చెప్పేటోడనీ, ఉస్మానియా బిస్కెట్టుకు నిజాం పేరు పెట్టిండ్రనీ, దిల్‌పసంద్ అంటే మనసుకు నచ్చిందని అర్థమనీ చెప్పేవాడు. సోమమ్మ చాటలో బియ్యం ఏరుతూ వినేది. ఏరిన బియ్యమే మళ్ళీ ఏరేది.

"అవన్నీ సరే గని కొడుకా, ఈ రస్కు సంగతేంది? ఏ ముండాకొడుకు కనిపెట్టిండు దీన్ని?" అని ఒకరోజు అడిగింది బతుకమ్మ.

"రస్కంటే ఏం లేదవ్వా. నిన్నటి రొట్టెను కోసి మళ్ళ కాలుస్తరు. రెండుసార్లు కాలినదన్నట్టు. అందుకే ఎన్ని దినాలైనా చెడిపోదు."

బతుకమ్మ చేతిలోని రస్కు వైపు చూసింది. దాని కాలిన అంచును బొటనవేలితో తడిమింది.

"రెండుసార్లు" అంది చివరికి. "నా పెనిమిటి పోయినప్పుడొకసారి. కొడుకు పోయినప్పుడొకసారి. గదా భూమి నాకు చెప్పేది?"

సోమమ్మ లేచి వచ్చి అత్త పక్కన కూర్చుని, ఆమె చేతిలోంచి రస్కు తీసుకుని, చాయ్‌లో ముంచి నోటికి అందించింది. ఆ రోజు నుంచి బతుకమ్మ నేలను తిట్టడం మానేసింది. అయినా మెత్తటిది తినాలన్న కోరిక మాత్రం చావలేదు.

సోమమ్మ గిన్నె పచ్చిగా తిరిగి రావడం రాందాసు ఒక గురువారం కళ్ళారా చూశాడు. ముందుకు వంగి, వేలితో కొంచెం తీసి నాలుక మీద వేసుకున్నాడు.

"పిండిల తప్పు లేదు" అన్నాడు. "బెల్లం సరిపోయింది. గుడ్డు మంచిగ కలిసింది. ఇంత మంచి పిండి ఎందుకు కాలదు?"

"నన్నడిగితే ఏం చెప్త? మీ పొంగే పిండి ఎందుకు పొంగదో మీకెరుకనా?"

"ఎరుక లేదు."

"మరి!"

ఇద్దరూ ఒకరి గిన్నెలోకి ఒకరు చూసుకుని నవ్వుకున్నారు. మంచం మీద బతుకమ్మ కళ్ళు మూసుకునే ఉంది. చెవులు మాత్రం మూసుకోలేదు.

*

వాడకట్టుకు కూడా చెవులున్నాయి. "మొగదిక్కు లేని ఇంటికి బేకరాయన వారం వారం ఏం పని మీద వస్తున్నడు?" అనే మాట నల్లా దగ్గర పుట్టి, రేషన్ షాపు దగ్గర పెరిగి, బిక్షపతికి పెదనాయన కొడుకైన జంపయ్య ఇంటికి చేరింది. జంపయ్య బాయిలో మేస్త్రీ. నలుగురిలో మాట చెల్లుబాటయ్యే మనిషి. భుజం మీద తువ్వాల సర్దుకుంటూ వచ్చి వాకిట్లో కుర్చీ వేసుకుని కూర్చున్నాడు.

"చిన్నమ్మా, నేను చెప్పేది మీ మంచికే. తమ్ముడు లేకపోయినా ఇంటికో మర్యాదుంటది. ఆయన ఎవరు? ఏ ఊరోడు? ముందెనుక ఎవరన్న ఉన్నరా?"

"భూమి కాల్చిస్తదని పిండి తెస్తున్నడు. నువ్వు తేలేదా మొన్న?" అంది బతుకమ్మ.

"నేను ఇంటోణ్ణి."

"నీకేమొచ్చింది, గవ్వల బిస్కెట్లు. గవ్వలు లెక్కపెట్టినట్టు ఊరోళ్ళ నడకలు లెక్కపెడుతున్నవని తెలిసే ఇచ్చింది."

జంపయ్య ముఖం ముడుచుకున్నాడు. లేచి నిలబడి సోమమ్మతో నేరుగా అన్నాడు. "మరదలా, వచ్చే గురువారం ఆ మనిషి గిక్కడ కనపడొద్దు. కనపడితే పెద్దమనుషుల పిలువాల్సొస్తది. తర్వాత నన్ననొద్దు."

అతను వెళ్ళాక సోమమ్మ పొయ్యి ముందు కూర్చుని అన్నం వార్చింది. గంజి చేతి మీద పడినా గమనించలేదు. బతుకమ్మ గడప మీద చేరగిలబడి నెమ్మదిగా అంది.

"ఒకటి చూసినవానే? ఊర్ల ఆడోళ్ళందర్నీ ఆ పిలగాడు అక్కా అంటడు, లేకుంటే చెల్లె అంటడు. నర్సమ్మను అక్కా అన్నడు. గురవయ్య పెండ్లాన్ని చెల్లె అన్నడు. నన్ను అవ్వా అంటడు. నిన్నొక్కదాన్నే ఇంతవరకు ఏమనీ పిలువలే."

"అత్తా!"

"ఏంది అత్తా? నాకు చూపు తక్కువ గని చెవుడు లేదు."

"నువ్వే గిట్ల మాట్లాడితే ఎట్ల? నీ కొడుకు యాదికి రాలేదా నీకు?"

"రాని దినం ఏది బిడ్డా? వాడు పోయిండు. నువ్వు ఉన్నవ్. ఉన్నదాన్ని చూడాల్నా, పోయినోణ్ణి చూడాల్నా?"

సోమమ్మ కళ్ళు తుడుచుకుంది. మనసు గట్టి చేసుకుంది. పెద్దమనుషుల ముందు నిలబడటం, పేరు నలుగురి నోళ్ళలో నానడం తన వల్ల కాదు. అతనికే నేరుగా చెప్పేస్తే సరి అనుకుంది.

గురువారం వచ్చింది. రాందాసు కూడా వచ్చాడు. చేతిలో డబ్బా, ముఖంలో నవ్వు. సోమమ్మ అతని ముఖం చూడకుండా, జామచెట్టు వైపు చూస్తూ చెప్పింది.

"రేపటి సంది మీరు రావొద్దు. ఊరోళ్ళు మాటలంటున్నరు. మావోళ్ళు గూడ. మీ డబ్బాలేమన్న ఉంటే తీసుకపోండ్రి."

రాందాసు నవ్వు అక్కడే ఆగిపోయింది. తలూపాడు. "సరే. నా తోని మీకు మాటొస్తే నాకు గూడ మంచిగుండదు. కలిపిన పిండి పారెయ్యబుద్ధి కాదు, ఈ ఒక్కటి పెట్టి పోత."

డబ్బాను గుంత పక్కన పెట్టి, చేతులు కడుక్కోవడానికి పెరటి చివర ఉన్న నల్లా దగ్గరికి వెళ్ళాడు. సోమమ్మ పొద్దున కలిపిన తన గిన్నె కూడా అక్కడే పక్కన ఉంది. ఏడుపు వస్తుంటే ఆమె చాయ్ పెట్టే నెపంతో లోపలికి వెళ్ళిపోయింది.

పెరట్లో బతుకమ్మ ఒక్కతే మిగిలింది.

ముసలమ్మ మంచం మీంచి లేచింది. మోకాళ్ళు పట్టుకుని, గుంత దాకా వచ్చి, ముందు రాందాసు డబ్బా చూసింది, తర్వాత కోడలి గిన్నె చూసింది. ఇంటివైపు ఒకసారి, నల్లావైపు ఒకసారి చూసింది. గిన్నెలోని పిండినంతా డబ్బాలోకి వంచేసింది. చుట్టూ గోకి మరీ వంచింది. కట్టెపుల్లతో నాలుగుసార్లు తిప్పి, డబ్బాను గుంతలోకి దించి రేకు కప్పి, వచ్చి మంచం మీద పడుకుని గురక పెట్టడం మొదలుపెట్టింది.

*

చాయ్ వచ్చేసరికి వాసన వచ్చింది.

అది బన్ను వాసన కాదు, కేకు వాసన కాదు. మాగిన ఇప్పపువ్వు మీద బెల్లంపాకం పోసినట్టు, దానికి కొంచెం పొగ తగిలినట్టు ఉంది. గోడవతల పక్కింటివాళ్ళు తలలు పైకి పెట్టారు. షిఫ్టు దిగి వస్తున్న గురవయ్య బొగ్గు ముఖంతోనే లోపలికి వచ్చాడు. ఆ వెనకే, రాందాసు వచ్చాడా లేదా అని కనుక్కోవడానికి జంపయ్య వచ్చాడు. వచ్చాడని చూసి కోపంగా నోరు తెరిచాడు. అప్పుడే వాసన తగిలింది. నోరు తెరిచే ఉండిపోయింది.

సోమమ్మ రేకు తీసింది. డబ్బాలో ఒకటే పెద్ద ముదురు గోధుమరంగు పలక. పొంగలేదు. పైన పలుచని పొర, ఎండాకాలపు చెరువులా నెర్రెలిచ్చి మెరుస్తోంది.

"మళ్ళ పెళ్ళే" అన్నాడు రాందాసు. అలవాటు కొద్దీ చీపురుపుల్ల గుచ్చి తీశాడు. పుల్లకు లోపలిది అంటుకుని వచ్చింది. "లోపల పచ్చిగున్నది."

"పచ్చి కాదది" అంది సోమమ్మ. తన గిన్నె కోసం చూసింది. ఖాళీగా, బోర్లించి ఉంది. అత్త గురక ఒక్కసారిగా ఆగింది. "నా పిండి ఏది?"

"పెట్టిన" అంది బతుకమ్మ కళ్ళు తెరవకుండానే. "దాంట్లనే పెట్టిన. నేను సచ్చేలోపల ఒక్కసారన్న మెత్తటిది తినాల్నని నాకుండదా? ఒకరిది బండ, ఒకరిది నీళ్ళు. రెండూ కలిస్తే ఏమన్న అవుతదేమోనని చూసిన."

సోమమ్మ డబ్బా అంచు పట్టుకుంది. వెంటనే చెయ్యి వెనక్కు లాక్కుంది. కాలింది. ఇన్నేళ్ళలో ఆమె పిండి కలిసిన గిన్నె వేడెక్కడం అదే మొదటిసారి. కాలిన వేళ్ళను చూసుకుంటూ ఉండిపోయింది. రాందాసు గబగబా నల్లా దగ్గరికి పోయి చెంబుతో నీళ్ళు తెచ్చి ఆమె వేళ్ళ మీద పోశాడు. అందరూ చూస్తున్నారని ఇద్దరికీ గుర్తు లేదు.

కత్తితో ముక్కలు కోశారు. పైన పెళపెళ విరిగింది, లోపల హల్వాలా మెత్తగా సాగింది. మొదటి ముక్క బతుకమ్మకు. ముసలమ్మ దాన్ని నోట్లో పెట్టుకుని, చిగుళ్ళతో ఒత్తి, కళ్ళు మూసుకుంది. చెంపలు మెల్లగా కదిలాయి.

"పండ్లు అక్కెర లేదు" అంది. కళ్ళలోంచి నీళ్ళు కారుతుంటే తుడుచుకోలేదు.

జంపయ్యకూ ఒక ముక్క ఇచ్చారు. వచ్చిన పని చెప్పడానికి ముందు మర్యాద కోసం నోట్లో వేసుకున్నాడు. నమిలాడు. మింగాడు. తువ్వాలతో మూతి తుడుచుకున్నాడు. నలుగురి వైపూ చూసి, గొంతు తగ్గించి అన్నాడు.

"ఇంకో పెళ్ళ ఉన్నదా?"

"ఇప్పుడున్నది" అంది బతుకమ్మ. "రేపటికి ఉండదు. ఇది ఇద్దరి పిండి కలిస్తెనే అయితదట కొడుకా. ఒకాయన్నేమో నువ్వు రావొద్దంటివి."

గురవయ్య పొలమారినట్టు దగ్గాడు. జంపయ్య రెండో ముక్క చేతిలో పట్టుకుని, తినలేకా కింద పెట్టలేకా నిలబడ్డాడు.

సోమమ్మ అప్పటివరకూ తన ముక్క తినలేదు. ఇప్పుడు తింది. నిలబడి, కొంగు సర్దుకుని, తొందరపడకుండా చివరి పొడి దాకా తింది. తర్వాత రాందాసు వైపు తిరిగింది. ఈసారి జామచెట్టు వైపు కాదు, ముఖంలోకే చూసింది.

"మా అత్త ఒక మాటన్నది. మీరు ఊరందర్నీ వరుసలు పెట్టి పిలుస్తరట. నన్ను మాత్రం ఏమనీ పిలువరట. నిజమేనా?"

రాందాసు చెవుల దాకా ఎర్రబడ్డాడు. "అవ్" అన్నాడు.

"ఏమని పిలుద్దామనుకున్నరు మరి?"

అతను చేతిలోని చెంబు కింద పెట్టాడు. మళ్ళీ తీశాడు. మళ్ళీ పెట్టాడు.

"సోమమ్మా అని" అన్నాడు. "ఉట్టి సోమమ్మా అని."

"అయితే గట్లనే పిలువుండ్రి" అంది సోమమ్మ, జంపయ్యకూ, గోడ మీది తలలకూ వినపడేలా. "రేపు రాండ్రి. గురువారం దాకా ఆగే పని లేదు."

*

వేసవి మొదట్లో, ఇప్పపువ్వు రాలే రోజుల్లో, భద్రాచలంలో పెండ్లి పెట్టుకున్నారు. ఇల్లందులో బస్సెక్కిన వాళ్ళు గుప్పెడుమందే. వధూవరులు, బతుకమ్మ, గురవయ్య, అతని భార్య, ధన్‌సింగ్. జంపయ్య కూడా కొత్త తువ్వాలతో వచ్చాడు. పెద్దమనుషులను పిలిచే మాట మళ్ళీ ఎత్తలేదు. పైగా ఎవరైనా నసిగితే, "మా మరదలి సంగతి మేం చూసుకుంటం" అని అనడం మొదలుపెట్టాడు.

బతుకమ్మ ఒళ్ళో బొగ్గుపెళ్ళల డబ్బా పెట్టుకుని కిటికీ పక్కన కూర్చుంది. బస్సు కొత్తగూడెం, పాల్వంచ దాటి అడవిలో పడింది. సారపాక దగ్గర వెదురు లారీల మధ్య ఆగినప్పుడు, కాగితం మిల్లు ఆఫీసరు భార్య ఒకామె ఎక్కి ముసలమ్మ పక్కన కూర్చుంది. బతుకమ్మ ఆమె చేతిలో ఒక ముక్క పెట్టింది.

ఆమె కొరికి ఆశ్చర్యపోయింది. "బ్రౌనీ కదండీ ఇది! కలకత్తాలో ఉన్నప్పుడు తిన్నాను. ఈ అడవిలో మీకెక్కడిది?"

"బ్రౌనా? మాకాడ బొగ్గుపెళ్ళంటం."

"ఎక్కడో అమెరికాలోనట, ఒకామె కేకులో బేకింగ్ పౌడరు వెయ్యడం మర్చిపోతే ఇది పుట్టిందని చెప్తారు."

"వట్టి మాట" అంది బతుకమ్మ. "మరిచిపోతే పుట్టలే. నేను కావాల్నని కలిపితే పుట్టింది."

ముందు సీట్లో రాందాసు, సోమమ్మ నవ్వు ఆపుకోలేక కిటికీలోంచి బయటికి చూశారు. బస్సు గోదావరి వంతెన ఎక్కింది.

గుడి దగ్గరి సత్రంలో రెండు చాపలు పరిచారు. ఒకటి పెండ్లికూతురి వైపు, ఒకటి పెండ్లికొడుకు వైపు. సోమమ్మ పక్కన ఆమెవాళ్ళంతా కూర్చున్నారు. రాందాసు వెనక చాప ఖాళీగా ఉంది. పంతులుగారు సామాను సర్దుకుని, కళ్ళజోడు పైకి తోసి చూశారు.

"వరుడి తల్లిదండ్రులు ముందుకు రావాలి."

ఎవరూ కదల్లేదు. రాందాసు తల వంచుకున్నాడు.

"నాకెవరు లేరయ్యగారూ. చిన్నప్పుడే పోయిండ్రు."

"పోనీ వరుడి తరఫు పెద్ద ఎవరైనా? అన్నో, మేనమామో?"

రాందాసు తల అడ్డంగా ఊపాడు. సోమమ్మ ఆ ఖాళీ చాప వైపు చూసింది. ఇన్ని ఊళ్ళు తిరిగిన మనిషికి, వెనక కూర్చోవడానికి ఒక్కరూ లేరు.

బతుకమ్మ చేత్తో నేలను ఊతం పట్టుకుని లేచింది. ధన్‌సింగ్ చెయ్యి అందించబోతే వద్దంది. సోమమ్మ వెనక చాప మీంచి అడుగులో అడుగేసుకుంటూ, పంతులుగారి ముందు నుంచే నడిచి, అవతల ఖాళీ చాప మీదికి వెళ్ళి, రాందాసు వెనక కూర్చుంది.

"నేనున్న" అంది.

పంతులుగారు అయోమయంగా చూశారు. "మీరు అమ్మాయి తరఫు కదమ్మా?"

"ఇప్పటిదాక. ఇప్పుడు పిలగాని తల్లిని. మీ మంత్రాలు మీరు చదువుండ్రి."

రాందాసు వెనక్కి తిరిగి చూడలేదు. చూస్తే ఏడుపు ఆగదని తెలుసు. చెయ్యి మాత్రం వెనక్కి చాపాడు. ముసలమ్మ ఆ చెయ్యి పట్టుకుని ఒకసారి గట్టిగా నొక్కి వదిలేసింది.

"మరి అమ్మాయి తరఫున పెద్ద ఎవరు?" అన్నారు పంతులుగారు.

జంపయ్య గొంతు సవరించుకున్నాడు. తువ్వాల దులిపి భుజాన వేసుకుని, ముందుకు జరిగి కూర్చున్నాడు.

మెడలో తాళి పడింది. తలంబ్రాలు పోసుకున్నారు. గురవయ్య భార్య పాట అందుకుంది. సోమమ్మ ముసుగు సర్దుకుంటూ, ఎదుటి చాప మీద దర్జాగా కూర్చున్న బతుకమ్మను చూసింది. పుట్టింటి నుంచి ఈమె చేతిలోకే వచ్చింది. పెనిమిటి పోయాక ఈమె పక్కనే పడుకుంది. ఇప్పుడు కొత్త పెనిమిటి వెనక మళ్ళీ ఈమే కూర్చుంది.

బతుకమ్మ కాళ్ళు రెండూ ముందుకు చాపి, కొత్త కోడలి వైపు కళ్ళెగరేసింది.

"ఏందే, అట్ల చూస్తున్నవ్? అత్త కాళ్ళు మొక్కవా?"